లోపలి గది నుంచి ఫోను

దుబాయ్ వెళ్ళొచ్చానని తెలియగానే మా బాపట్ల వాళ్ళు అడిగినవి రెండే ప్రశ్నలు. బంగారం ఎంత తెచ్చావు? ఒంటె ఎక్కావా? బంగారం తేలేదు. ఒంటెను దూరం నుంచి చూశాను. అదీ నన్ను చూసింది. ఇద్దరికీ పెద్దగా ఆసక్తి కలగలేదు.

నేను వెళ్ళింది మా చెల్లెలు రూతును చూడటానికి. చూసి వచ్చాను. కింద రాసేదంతా కాస్త గొప్పలు చెప్పుకోవడమే, ముందే చెప్పేస్తున్నాను. ఇరవై ఏళ్ళుగా బడిలో పక్కవాళ్ళ పిల్లల్ని మెచ్చుకుంటూ బతికిన పంతులమ్మను. నా ఇంటి పిల్లను మెచ్చుకునే వంతు ఇన్నాళ్ళకు వచ్చింది, వదులుకోను.

రోలా, షార్జా

అందరూ దుబాయ్ అంటారు గానీ నేను దిగింది షార్జాలో. రోలా అనే బజారు పక్కన పాత భవనంలో రూతు ఉంటుంది. మూడు గదుల ఫ్లాటు, అందులో ఆరుగురు ఆడపిల్లలు. అయిదుగురు నర్సులు, అందరూ మన కోస్తా జిల్లాల వాళ్ళే. ఆరోది మా రూతు, ఇంజనీరు. నర్సులు డ్యూటీలు మార్చుకుంటూ పడుకుంటారు కాబట్టి మంచాలకు విశ్రాంతి ఉండదు. వంటింట్లో చేపల పులుసు వాసన చూసి రేపల్లెలో దిగానా అనుకున్నాను.

కింద బజారులో తెలుగు, మలయాళం, ఉర్దూ, అరబ్బీ ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతుంటాయి. టీ ఒక దిర్హం. అంటే పన్నెండు రూపాయలు! మా బడి ముందు టీ రెండు రూపాయలు. పరోటా, కోడికూర, మంచినీళ్ళ సీసా, దేన్ని చూసినా నా నోరు పన్నెండో ఎక్కం చదివేది.

“అక్కా, ప్రతిదాన్నీ పన్నెండుతో గుణిస్తే నువ్విక్కడ పస్తులుంటావు. లెక్కలు ఆపి తిను” అని కసిరింది రూతు.

అది రెండువేల అయిదు డిసెంబరు. క్రిస్మస్ కోసం సెలవు పెట్టుకుని వెళ్ళాను నేను. తెలుగు ఆరాధన బాగా జరిగింది. మన ఊళ్ళో ఎంత సేపు పాడతారో అక్కడా అంతే, ఒక్క చరణం తగ్గించలేదు. మర్నాడు ఇద్దరం ఊరంతా తిరగొచ్చని నేననుకుంటే, రూతు సూట్‌కేసు సర్దుతూ కనిపించింది.

“ఏందే, ఎక్కడికి?”

“కొండల్లోకి. టవరు పరీక్షుంది. మా వాళ్ళకి క్రిస్మస్ సెలవు లేదక్కా. వాళ్ళ కొత్త సంవత్సరం పండగ జనవరి చివర్లో.”

మా వాళ్ళు అంటే చైనా వాళ్ళు. సెల్‌ఫోను టవర్లకు కావలసిన సామానంతా తయారుచేసే కంపెనీ అది. పేరెందుకు లెండి. ప్రపంచంలో ఉన్న ఫోను కంపెనీలన్నిటికీ ఆ సామాను అమ్మాలన్నది వాళ్ళ పట్టుదల. అప్పటికి ఆ దేశంలో పెద్ద పట్నాల్లో టవర్లన్నీ యూరపు వాళ్ళవే. అందుకని చైనా వాళ్ళు కొండ ప్రాంతంలో ఒక టవరు ఉచితంగా నిలబెట్టి, నచ్చితేనే కొనండి అన్నారు. ఆ ఒక్క టవరు బాధ్యత రూతుది. పరీక్ష నెగ్గితే ఆ కొండ ప్రాంతమంతా కంపెనీకి పని, రూతుకు పక్కా ఉద్యోగం. నెగ్గకపోతే నెలాఖరుకి ఒప్పందం అయిపోతుంది, వీసా అయిపోతుంది, రూతు ఇంటికొచ్చేస్తుంది.

“ఒక్కదానివే వెళ్తావా?”

“టీమంతా మగవాళ్ళే. నువ్వు రారాదూ? మా బాస్ సలీమ్‌ని అడిగాను, గెస్ట్‌హౌసులో గదుందన్నాడు.”

మసాఫీ దారి

ఎడారి అంటే వేడి అని నాకు చిన్నప్పటినుంచీ ఉన్న నమ్మకం. రూతు స్వెట్టరు పెట్టుకుంటుంటే నవ్వాను. ధైద్ అనే ఊరు దాటాక ఇసుక అయిపోయి కొండలు మొదలయ్యాయి. మన కొండల మీద ఏదో ఒక పచ్చదనం ఉంటుంది, వీటి మీద గడ్డిపరక కూడా లేదు. కాలిన ఇటుక రంగులో ఎండిపోయి నిలబడ్డాయి. దారిలో మసాఫీ దగ్గర రోడ్డు పక్క సంతలో దిగితే చలిగాలి చెంప పగలగొట్టింది. అక్కడే ఒక శాలువా కొనుక్కున్నాను. ముప్పై చెప్పాడు, పదిహేనుకు అడిగాను, ఇచ్చేశాడు. వెంటనే ఇచ్చేశాడంటే మోసపోయానన్నమాటే. ఇంటికొచ్చి చూస్తే దానిమీద చైనాలో తయారైనదని ఉంది.

సలీమ్ అంటే గడ్డం ఉన్న అరబ్బు పెద్దమనిషి అనుకున్నాను. గెస్ట్‌హౌసు తలుపు తీసింది ముప్పై ఏళ్ళ చైనా కుర్రాడు, సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని.

“నమస్తే అక్కా!” అన్నాడు, తెలుగులోనే. రూతు నేర్పిందట. ఆ తర్వాత ఇంగ్లీషే. నా ఇంగ్లీషు బడి ఇంగ్లీషు, అతనిదీ అలాంటిదే, అందుకని మా ఇద్దరికీ బాగా కుదిరింది.

అతని అసలు పేరు వేరు. ఏ దేశం వెళ్తే ఆ దేశపు పేరు పెట్టుకుంటారట వాళ్ళు. అంతకుముందు ఆఫ్రికాలో ఉన్నప్పుడు అక్కడి పేరొకటి ఉండేదని చెప్పాడు. టీమును కూడా అలాగే కూర్చారు. లెక్కలకు మన దేశం వాళ్ళు (రూతు తప్ప అంతా ఉత్తరాదే), టవరెక్కడానికి పెషావరు వాళ్ళు, అరబ్బీ మాట్లాడటానికి ఒక ఈజిప్టు ఆయన. హాల్లో ఒక్కో బల్ల కింద ఒక్కో మడత పరుపు ఉంది. ఫోనొస్తే లేచి పనిలోకి దిగడానికని.

భోజనంలో వంటాయన అన్నం, ఆకుకూర, చేప పెట్టి, గాజు గ్లాసులో పొగలు కక్కే తెల్లని నీళ్ళు పోశాడు. టీ పొడి వెయ్యడం మర్చిపోయాడని గ్లాసు పట్టుకుని ఎదురు చూశాను. సలీమ్ తన గ్లాసు ఎత్తి గడగడ తాగేశాడు. ఉత్త వేడినీళ్ళే! పెళ్ళికైనా పరీక్షకైనా వాళ్ళకదే పానీయం. జ్వరం వచ్చినప్పుడు తప్ప నేనెప్పుడూ తాగలేదు, కానీ ఆ చలికి ప్రాణం లేచొచ్చింది.

“ఇంత దూరం వచ్చి ఈ రాళ్ళ మధ్య టవరేమిటి నాయనా? పట్నంలో పెట్టుకోవచ్చుగా?” అని అడిగాను.

“పట్నంలో మమ్మల్ని ఎవరు రానిస్తారు అక్కా? పెద్దవాళ్ళు ఇష్టపడని చోటుకు ముందు మేం వెళ్తాం. కొండ, ఎడారి, ఊరి చివర. అక్కడ మెప్పిస్తే పట్నం వాళ్ళే పిలుస్తారు” అన్నాడు.

మా వీధికి కొత్తగా వచ్చిన పాలవాడు గుర్తొచ్చాడు. అందరికంటే ఎక్కువ పేచీ పెట్టే చివరింటి మామ్మగారికి వారం రోజులు ఉచితంగా పోశాడు. ఆవిడ సరే అన్నాక వీధి వీధంతా అతని దగ్గరే పోయించుకుంది.

లోపలి గదులు

మర్నాడు టవరున్న ఊరికి వెళ్ళాం. రెండు కొండల మధ్య ఎండిపోయిన వాగు, వాగు పక్కన రోడ్డు, రోడ్డు వెంట ముప్పై నలభై ఇళ్ళు, ఖర్జూరపు తోటలు. ఇళ్ళ వెనక గోడలు కొండరాతిని ఆనుకుని ఉన్నాయి. పరీక్ష ఎలా చేస్తారో రూతు చూపించింది. కారులో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఫోను మాట్లాడుతూ రోడ్డంతా నెమ్మదిగా తిరుగుతారు. సిగ్నలు బాగున్న చోట తెర మీద పచ్చచుక్క, లేనిచోట ఎర్రచుక్క. రోడ్డు పొడుగునా పచ్చచుక్కలే! రూతు మొహం వెలిగిపోయింది. మూడు రోజుల్లో ఫోను కంపెనీ పెద్దాఫీసరు, వీళ్ళ మాటల్లో ముదీర్, వచ్చి ఇదే తిరుగుడు తిరిగి సంతకం పెడతాడు.

టవరు పక్కింటి యజమాని అబూ సయీద్, తెల్లగడ్డం పెద్దాయన, అందర్నీ కాఫీకి పిలిచాడు. అక్కడ ప్రతి ఇంట్లో ముందువైపు మగవాళ్ళు కూర్చునే పెద్ద గది విడిగా ఉంటుంది, మజ్లిస్ అంటారు. టీమంతా అటు నడిచింది. పెద్దాయన మా ఇద్దర్నీ చూసి ఇంటి పక్క తలుపు చూపించాడు.

“యల్లా, అందర్ జావో, బాహర్ బహుత్ సర్దీ!” అన్నాడు, బయట చలి, లోపలికి వెళ్ళండని.

రూతు కదల్లేదు. “షుక్రన్ బాబా, నేనిక్కడే ఉంటాను” అని అరబ్బీలో ధన్యవాదాలు చెప్పి టీము వెనకే వెళ్ళబోయింది. నాలుగు నెలలుగా ఇంతేనట. ఆ ఊళ్ళో ఎన్ని ఇళ్ళు పిలిచినా ఒక్క ఇంటి లోపలికీ వెళ్ళలేదు.

“ఎందుకే, మర్యాదగా పిలుస్తుంటే?”

“లోపలికెళ్తే నేను ఆడవాళ్ళ లెక్కలోకి పోతానక్కా. ఇక్కడ కూర్చుంటేనే ఇంజనీరు లెక్క.”

“నాకు చలిగా ఉంది. నువ్వు ఇంజనీరువో కలెక్టరువో లోపలికెళ్ళాక చూద్దాం, పద!” అని రెక్క పట్టుకుని లాక్కెళ్ళాను. నిజం చెప్పొద్దూ, చలి ఒక సాకు. అరబ్బుల వంటిల్లు చూడాలని నాకు ఒకటే తహతహ.

ఇంటావిడ ఉమ్ సయీద్, అరవై పైబడిన మనిషి. నుదుటి మీదా ముక్కు మీదా రాగి రేకులా మెరిసే గుడ్డ ముసుగు. మా చేతులు కడిగించి, ఖర్జూరాలు, నెయ్యి పోసిన సేమ్యా, పైన ఆమ్లెట్టు పరిచి పెట్టింది. సేమ్యా తియ్యన, ఆమ్లెట్టు ఉప్పన. మొదటి ముద్దకు మొహం చిట్లించాను, మూడో ముద్దకు పళ్ళెం దగ్గరికి లాక్కున్నాను. నేను “అమ్మో, ఎంత పెట్టింది!” అన్నానో లేదో, పళ్ళాలు తెచ్చిన పనామె ఆగిపోయింది.

“యా ఊరమ్మా మీది? తెలుగోళ్ళా!”

హుసేనమ్మ. రాయచోటి పక్క పల్లె. ఆరేళ్ళుగా ఆ ఇంట్లోనే పని చేస్తోంది, అరబ్బీ గలగలా మాట్లాడుతుంది. ఆమె నోటి మీదుగా మా కబుర్లు సాగాయి. నా చెల్లెలే ఆ టవరు పెట్టిన ఇంజనీరని గర్వంగా చెప్పించాను. ఉమ్ సయీద్ రూతును ఎగాదిగా చూసి, లేచి, బీరువాలోంచి గుడ్డలో చుట్టిన సెల్‌ఫోను తెచ్చి దాని ఒళ్ళో పెట్టింది.

“ఇది పలకదు అంటాంది మామా” అంది హుసేనమ్మ. అక్కడ ఇంటి ఇల్లాలిని మామా అంటారు. “కూతురు అల్ ఐన్ టౌన్‌లో ఉండాది. మాట్లాడాలంటే మిద్దెక్కాల. మోకాళ్ళ నొప్పులు. తీగ ఫోను మగోళ్ళ గదిలో ఉండాది. ఆడ కూచోని యా తల్లయినా కూతురితో ఏం మాట్లాడతాది?”

“పక్కిళ్ళలోనో?” అని అడిగింది రూతు.

“యా ఇంట్లోనూ అంతే మా. ఆడోళ్ళ గదులన్నీ ఎనకాలే కదా.”

రూతు లేచింది. తన ఫోను తెర చూసుకుంటూ వంటింట్లోకి, నడవాలోకి, ఆడపిల్లల గదిలోకి, బియ్యం బస్తాలున్న సామాన్ల గదిలోకి వెళ్ళింది. ప్రతి గదిలోనూ ఆగింది. తిరిగొచ్చి ఫోను నా ముందు పెట్టింది.

“ఒక్క గదిలో లేదక్కా. రోడ్డంతా నింపాను. ఇంట్లోకి రాలేదు.”

అది దాని తప్పొక్కటే కాదు. కొలిచేది కారులోంచి, కొలిచేవాళ్ళు మగవాళ్ళు. పరాయి మగవాడు ఆ లోపలి గదుల్లోకి అడుగుపెట్టే పని లేదు, కాబట్టి ఆ గదులు ఎవరి తెర మీదా పచ్చగానూ లేవు, ఎర్రగానూ లేవు. వెళ్ళగలిగిన ఒక్క మనిషి మజ్లిస్‌లో కూర్చుంది.

వేడినీళ్ళ మీద చర్చ

సాయంత్రం గెస్ట్‌హౌసులో రూతు సలీమ్‌కు అంతా చెప్పింది. టవరు మీద మూడు పలకల్లాంటివి ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక్కో వైపు సిగ్నలు విసురుతుంది. వాటిలో ఒకదాన్ని రోడ్డు మీంచి తిప్పి ఇళ్ళ వెనకవైపున్న కొండకేసి పెడితే, కొండకు తగిలి వెనక్కొచ్చి లోపలి గదుల్లోకి పడుతుందని దాని లెక్క. ఒకటే చిక్కు. వాగు మలుపు దగ్గర రోడ్డు మీద సిగ్నలు పోతుంది.

“ముదీర్ చూసేది రోడ్డే కదా” అన్నాడు సలీమ్.

“అవును.”

“మలుపు దగ్గర కాల్ తెగితే, పరీక్ష పోతుంది. నీ ఉద్యోగం కూడా.”

“తెలుసు. ఆ ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళే, సలీమ్. వాళ్ళు మలుపు దగ్గర కూర్చోరు.”

పాసైన పిల్ల పేపరు వెనక్కి తీసుకుని మళ్ళీ రాస్తానంటే ఏ పంతులమ్మ ఒప్పుకుంటుంది? నోరు మూసుకోవే, సంతకం అయ్యాక తిప్పుకో అని తెలుగులో చెప్పాను కూడా.

“సంతకం అయ్యాక ఎవరూ తిప్పనివ్వరక్కా” అంది.

సలీమ్ గ్లాసు ఖాళీ చేశాడు, ఇంకో గ్లాసు పోసుకున్నాడు. “ఊరి చివరికి వెళ్తామని మా వాళ్ళందరం గొప్పగా చెప్పుకుంటాం. ఇంటి చివరిదాకా వెళ్ళాలని నాకెవరూ నేర్పలేదు” అన్నాడు చివరికి. “తిప్పు.”

పరీక్ష రోజు

పెషావరు వాళ్ళు టవరెక్కి పలక తిప్పారు. ఇక లోపల కూడా ఫోను పలకాలని హుసేనమ్మ చేత ఉమ్ సయీద్‌కు చెప్పించింది రూతు. అనుకున్న రోజు ముదీర్ వచ్చాడు. కాళ్ళదాకా తెల్లని అంగీ, కందూరా అంటారు, ముక్తసరి మనిషి. రూతు అతని కారెక్కింది. నన్ను ఉమ్ సయీద్ లోపలికి తీసుకుపోయింది. మధ్యాహ్నం అందరికీ భోజనం ఆ ఇంట్లోనే. పెద్ద గిన్నెలో మేకమాంసం, బియ్యం ఉడుకుతున్నాయి. హుసేనమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తూ నాకు వార్తలు చెబుతోంది.

“పోతాండారు. నిదానంగా పోతాండారు. అయ్యో, మలుపు కాడ ఆగినారమ్మా!”

“ఆగారా?”

“ఎనక్కి వస్తాండారు. మళ్ళా పోతాండారు. మళ్ళా ఆడనే ఆగినారు. అరబ్బాయన కిందికి దిగినాడు. తల అడ్డంగా ఊపతాండాడు.”

కాల్ తెగిందన్నమాట. చాకుతో ఉల్లిపాయలు కోస్తున్నాను నేను. కళ్ళ నీళ్ళకు సాకు సిద్ధంగా ఉంది. దేవుడా, దీన్ని ఇంటికి పంపిస్తే పంపించు గానీ, తప్పు చేసిందానిలా పంపించకు అనుకున్నాను.

కారు వెనక్కొచ్చింది. మగవాళ్ళంతా మజ్లిస్‌లోకి వెళ్ళారు. రూతు ల్యాప్‌టాప్‌తో గుమ్మం దగ్గర నిలబడి ఇంటి లోపలివైపు చూపిస్తూ ఏదో చెబుతుంటే ముదీర్ గడియారం చూసుకుంటున్నాడని హుసేనమ్మ చెప్పింది. ఉమ్ సయీద్‌కు ఇవేమీ పట్టలేదు. ఆవిడ ధ్యాసంతా మాంసం మీద ఉంది. భోజనానికి ఎంతమందో తెలియాలి. మామూలుగా అయితే హుసేనమ్మను ఆ గుమ్మం దాకా పంపించాలి. ఆవిడ గిన్నె మూత పెట్టి, బీరువా తీసి, గుడ్డ విప్పి, ఫోను తీసి, చూపుడు వేలితో ఒక్కొక్క మీటే నొక్కింది. చెవిన పెట్టుకుంది.

ముంగిలి అవతల, మజ్లిస్‌లో, తీగ ఫోను మోగింది.

ఆ మోత గోడల మీదుగా మాకు వినపడింది. ఆపైన పెద్దాయన గొంతు, ఆపైన పెద్ద నవ్వు. ఇల్లాలు ఇంట్లోంచి ఫోను చేయడం ఆయన ఎరగడు. ఆవిడ ఎంతమందని అడిగి, జవాబు విని, పెట్టేయకుండా గదమాయించినట్టు ఇంకో మాటంది.

“ముహందిసాకు ఇయ్యి అంటాంది” అంది హుసేనమ్మ. “అంటే ఆడ ఇంజనీరు.”

ఉమ్ సయీద్ ఫోను నా చెవికి ఆనించింది.

“హలో?” రూతు గొంతు, పక్కన నిలబడి మాట్లాడినంత స్పష్టంగా.

“అన్నం తిన్నావా?” అన్నాను.

“అక్కా, నువ్వెక్కడున్నావు?”

“వంటింట్లో.”

“తలుపేసుందా?”

“వేసే ఉంది.”

అటువైపు గుసగుసలు. “అక్కా, ముదీర్ స్పీకర్ పెట్టమన్నారు. నువ్వు మాట్లాడుతూ లోపలికి నడువు. ఒక్కో గదీ. ఆపకు. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండు.”

నడిచాను. నడవాలోకి వచ్చానని చెప్పాను. ఆడపిల్లల గదిలో మూడు మంచాలున్నాయని చెప్పాను. సామాన్ల గదిలోకి వెళ్ళాను. వెనక కొండ, కిటికీ లేదు. హుసేనమ్మ దీపం వెయ్యబోతే వద్దన్నాను. బియ్యం బస్తాల మధ్య నిలబడ్డాక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆపొద్దంది కదా. అక్కడ తెలుగు మా ఇద్దరికీ హుసేనమ్మకీ తప్ప ఇంకెవరికీ అర్థం కాదు.

“ఒసే రూతూ, ఈ మాట నీ మొహాన ఎప్పుడూ చెప్పలా. నువ్వు ఆ పలక తిప్పి మళ్ళీ పరీక్ష రాస్తానన్నప్పుడు నీకు పిచ్చనుకున్నా. నేనైతే రాయను. పాసైన కాయితం పట్టుకుని ఇంటికి పొయ్యేదాన్ని. ఈ ముసలామె కూతురితో మాట్లాడుకోటానికి నీ నౌకరీ పణంగా పెట్టావే. పోతే పోయింది నౌకరీ. బాపట్ల వచ్చెయ్, నేను పోషిస్తా. ఊరంతా ఊరేగిస్తా నిన్ను. నా చెల్లెలివి నువ్వు. నా చెల్లెలు, వినపడుతుందా?”

పక్కన హుసేనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. కాల్ తెగిందేమో అనుకున్నాను. తెగలేదు. మజ్లిస్‌లో ఎవరిదో దగ్గు కూడా వినిపించింది. తర్వాత ముదీర్ గొంతు ఒకే ఒక్క మాట అంది, “ఖలాస్.” అయిపోయింది, ఇక చాలు అని. కుర్చీలు జరిపిన చప్పుడు, సలీమ్ ఏదో చైనా మాటలో అరిచిన అరుపు.

“చాలక్కా, ఆపు” అంది రూతు. “సంతకం పెడుతున్నాడు. స్పీకర్ ఇంకా తియ్యలేదు, అందరూ వింటున్నారు.”

“విననీ” అన్నాను.